వెనక్కి నడిచిన ముసలమ్మ

మా ముసలమ్మ వయసు ఆరేళ్ళు. తొంభై రోజులు బతికితే చాలనుకుని అంగారకుడి మీదికి పంపిన రోవర్ అది. మొండిఘటం, ఆరేళ్ళయినా ఆ ఎర్రటి నేల మీద తిరుగుతూనే ఉంది. నాలుగో ఏట దాని కుడివైపు ముందు చక్రం బిగుసుకుపోయింది. ముందుకు నడిపితే ఆ చక్రం మట్టిలోకి దిగబడుతోందని, అప్పటినుంచి దాన్ని వెనక్కి నడిపిస్తున్నాం. ఐదు చక్రాలు తిరుగుతాయి, ఆరోదాన్ని ఈడ్చుకుంటూ పోతుంది. పోయినంత మేరా నాగలి దున్నినట్టు ఒక చాలు మిగులుతుంది. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళు దాన్ని రోవర్ అంటారు. నెల తిరిగేసరికి వాళ్ళకూ అది ముసలమ్మే.

దాన్ని నడిపేది నేను. నడపడమంటే స్టీరింగ్ పట్టుకుని కూర్చోవడం కాదు. ఆ మాట అడిగినవాళ్ళకు విసుక్కోకుండా జవాబు చెప్పే ఓపిక నాకు ఎప్పుడో అయిపోయింది. ఇక్కడినుంచి సిగ్నల్ చేరడానికే పావుగంట పడుతుంది. అందుకని రోజుకొకసారి దానికి ఒక జాబితా పంపుతాం. ఇంత దూరం వెనక్కి నడువు, ఇక్కడ తిరుగు, ఇక్కడ ఆగి ఫొటో తియ్యి అని. అది తన మానాన తను చేసుకుపోతుంది. ఆనక ఫొటోలు వస్తాయి. గోతిలో పడిందో గట్టెక్కిందో అప్పటిదాకా తెలియదు. మధ్యలో అయ్యో ఆగమ్మా అనడానికి వీల్లేదు.

కాబట్టి నేల చెడ్డదైతే ముందు ఇక్కడ నడిపి చూసుకుంటాం. ఆఫీసు వెనక రేకుల షెడ్డు కింద ఒక ఇసుక యార్డు ఉంది. అందులో ముసలమ్మకు కవల ఒకటి ఉంటుంది, చక్రం బిగించి మరీ అచ్చం దానిలాగే కుంటిదాన్ని చేశాం. ముసలమ్మ పంపిన ఫొటో చూసి అదే నేలను యార్డులో తయారు చెయ్యాలి. వాలుకు వాలు, రాయికి రాయి. దాన్ని మేం నేల పోయడం అంటాం. ఆ పని మా బావది.

బావంటే అక్క మొగుడు. అక్క పెళ్ళినాటికి నాకు ఏడేళ్ళు. సైకిల్ తొక్కడం, ఈల వేయడం, లెక్కలకు భయపడకపోవడం నాకు నేర్పింది ఆయనే. నేను చదువుకుని అదే ఆఫీసులో చేరి, ఆయన పోసిన నేలకు వంకలు పెట్టే కుర్చీలో కూర్చున్న రోజున, "ఇంట్లో మీ అక్క, ఇక్కడ నువ్వు. అడకత్తెరలో పోకచెక్కను అయిపోయానే మరదలా" అని పదిమందికీ చెప్పుకుని నవ్వాడు. ముసలమ్మ చక్రం బిగుసుకుపోయిన మరుసటి ఏడాది బావ కుడికాలు కూడా మొరాయించింది. ఏదో నరం అన్నారు డాక్టర్లు. కాలు ఈడుస్తూనే పనికి వచ్చేవాడు. "దానికీ నాకూ ఒకే రోగం" అనేవాడు.

ఆయన పనిలో ఒక పట్టింపు ఉండేది. పోసిన నేల మీద ఒక్క మనిషి అడుగు కూడా మిగలకూడదు. అక్కడ మనుషులు లేరు కనుక ఇక్కడా ఉండకూడదు, ఉంటే కవల కెమెరాలు ఆ అడుగును గొయ్యి అనుకుంటాయి. అందుకని పనంతా అయ్యాక బావ ఆ చివర్నుంచి తలుపు వైపు వెనక్కి వెనక్కి నడుస్తూ, పళ్ళకర్రతో తన అడుగులు తానే చెరుపుకుంటూ వచ్చేవాడు. పళ్ళకర్రకు పన్నెండు ఇనుప పళ్ళు. ఏడోది ఎప్పుడో ఊడిపోయింది. దాని పేరు తొర్రి. తొర్రి తిరిగిన చోట ఇసుకలో ఆరు గీతలు, ఒక ఖాళీ, ఐదు గీతలు పడేవి. పక్కన మళ్ళీ ఆరు, ఒక ఖాళీ, ఐదు. మా అక్క బట్టలు కుట్టే మనిషి, వంకర కుట్టు చూస్తే ఆమెకు అన్నం సయించదు. మధ్యాహ్నం క్యారేజీ ఇవ్వడానికి వచ్చినప్పుడల్లా ఆ గీతలు చూసి, "ఆ పన్ను వేయించుకోరాదుటండీ" అని నసిగేది. బావ "అలాగే" అనేవాడు. ఎప్పుడూ వేయించుకోలేదు.

పోయినేడు ఒక రోజు నేనొక గులకరాళ్ళ వాలు పొయ్యమని బావకు ఫొటో ఇచ్చాను. మర్నాడు వెళ్ళి చూస్తే యార్డులో గులకరాళ్ళు లేవు. మధ్యలో పెద్ద ఇసుక పల్లం ఉంది. దాని ఒడ్డున రెండు గుండ్రటి రాళ్ళు, కాస్త ఎడంగా మోకాలెత్తు బల్లపరుపు బండ ఒకటి. బండ మీద సుద్దముక్కతో 'అరుగు' అని రాసి ఉంది. ముసలమ్మ ఫొటోల్లోని రాళ్ళను చదివే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు, ఆయన్ని రాళ్ళాయన అంటాం. రాళ్ళకు పేర్లు పెట్టేది ఆయనే, బావ వాటిని రాళ్ళ మీద రాస్తాడు. కానీ అరుగు అనే రాయి మాకు లేదు. నా వెనకే మా పెద్దాఫీసరు, ఇద్దరు మెకానిక్కులు నిలబడి ఉన్నారు. పెద్దాఫీసరు మాటకొకసారి చేతి గడియారం చూసుకుంటాడు, అందుకని ఆయన్ని చాటున గడియారం అంటాం.

"బావా, ఇదేమిటి? నేనిచ్చిన ఫొటో ఏది, నువ్వు పోసిందేది?"

"ఆ వాలుదేముంది మరదలా, కళ్ళు మూసుకుని దింపేస్తావు. కష్టం ఇక్కడుంది."

"ఇక్కడంటే?"

"గట్టు దాటాక."

ఆ గట్టు ముసలమ్మకు ఇంకా అరకిలోమీటరు దూరంలో ఉంది. దాని అవతల ఏముందో దగ్గరగా చూసినవాళ్ళు లేరు. పైన తిరిగే ఉపగ్రహం ఫొటోల్లో పెద్ద బండలు కూడా చుక్కల్లా ఉంటాయి, ఆకారం తెలియదు.

"ఈ పేరెవరు పెట్టారు?"

"రాళ్ళాయన."

"ఎప్పుడు?"

"పెడతాడులే, తొందరేముంది."

మెకానిక్కులు కిసుక్కుమన్నారు. నాకు ఒళ్ళు మండింది. "గట్టవతల ఏముందో నీకెలా తెలుసు? వెళ్ళి చూసొచ్చావా?"

"చూసొచ్చాను."

వేళాకోళమేమోనని ముఖంలోకి చూశాను. వేళాకోళం కాదు. ఊరెళ్ళి వచ్చిన మనిషిలాగే అలసటగా ఉన్నాడు. అక్కడ ఆగి ఉంటే బాగుండేది. నా నోరు ఆగలేదు. నీకు మతిపోయింది బావా అన్నాను. పని చేతకాకపోతే చెప్పు, ఇంకొకరిని పెట్టుకుంటాం అన్నాను. తాళం ఇచ్చి ఇంటికెళ్ళి పడుకో అన్నాను. నన్ను సైకిలెక్కించుకుని తిప్పిన మనిషిని నలుగురి ముందు అంతంత మాటలన్నాను.

"ఒక పది నిమిషాలు. చిన్న పని మిగిలింది" అన్నాడు బావ. నేను బయటికి వచ్చి తలుపుకు వీపు పెట్టి నిలబడ్డాను. పది నిమిషాలకు వచ్చి, తాళంచెవిని చొక్కాతో తుడిచి నా చేతిలో పెట్టాడు. "కోపం తగ్గాక చూడు. ఇప్పుడు చూస్తే నీకేమీ కనబడదు" అన్నాడు. అని కాలీడ్చుకుంటూ వెళ్ళిపోయాడు.

మూడో రోజు తెల్లవారేసరికి నిద్రలోనే పోయాడు. వాళ్ళ ఇల్లు మాకు రెండు వీధుల అవతలే. ఆ మూడు రోజుల్లో ఒక్కసారి కూడా వెళ్ళలేదు నేను. రేపు వెళ్దాం, కాస్త బెట్టు చేద్దాం అనుకున్నాను. ఆయనే వస్తాడులే అని కూడా అనుకున్నాను. ఇది నా జన్మకు తీరని బాధ.

పదిరోజుల తర్వాత అక్క దుప్పట్లు మడతపెడుతూ ఒక మాట అడిగింది. "యార్డు తాళం నువ్వే తీసుకున్నావు కదే?"

"తీసుకున్నాను."

"మరి ఆ మూడు రోజులూ మీ బావ మంచం దిగలేదు. పొద్దున్నే దుప్పటి దులిపితే ఇసుక రాలేది. రోజూ. అరికాళ్ళ నిండా ఉండేది."

నా ముందు ఒక కాగితం పొట్లం విప్పింది. మా యార్డు ఇసుక పసుపుపచ్చగా, గరుగ్గా ఉంటుంది. ఇది ఇటుక రంగులో, ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా ఉంది. ఎక్కడో ఇటుకల పొడి అంటుకుని ఉంటుందిలే అన్నాను. అక్క పొట్లం కట్టి బీరువాలో పెట్టేసింది. నేనూ ఇంక ఆ ఊసెత్తలేదు. తాళంచెవి నా సొరుగులోనే ఉంది. గులకరాళ్ళ వాలును ముసలమ్మ బావ అన్నట్టే తేలిగ్గా దిగేసింది, తర్వాత నాలుగు నెలలు గట్టి నేల మీద నడిచింది కనుక యార్డుతో ఎవరికీ పని పడలేదు.

ఆ నాలుగు నెలల చివర అక్కడ చలికాలం ముంచుకొచ్చింది. ముసలమ్మకు తిండి ఎండే. వీపు మీది పలకల మీద ఎండ పడితే బ్యాటరీ నిండుతుంది. చలికాలంలో సూర్యుడు ఒక పక్కకు వాలిపోతాడు. అప్పుడు ముసలమ్మ కూడా ఆ పక్కకు ఒరిగి, వీపు ఎండకు పెట్టుకుని కూర్చోవాలి. దానికి ఒక వాలు కావాలి. దొరక్కపోతే బ్యాటరీ గడ్డకట్టుకుపోతుంది, అంతటితో సరి. మా ఆశంతా గట్టవతల ఉపగ్రహం చూపించిన ఒక ఎండవాలు మీదే పెట్టుకున్నాం.

గట్టెక్కిన రోజు ఫొటో పెద్ద తెర మీద వేశారు. ముందు ఒక ఇసుక పల్లం. దాని ఒడ్డున రెండు గుండ్రటి రాళ్ళు, కాస్త ఎడంగా ఒక బండ. పల్లం అవతల, తిన్నగా నలభై మీటర్ల దూరంలో ఎండవాలు. కరెంటు లెక్కలు చూసే ఆవిడ, "ఇంకా పదకొండు రోజులకు సరిపడా ఉంది. ఆ తర్వాత నన్నడగొద్దు" అంది. గడియారం లెక్కకట్టి, రోజుకు ఐదు మీటర్ల చొప్పున తిన్నగా పోతే ఎనిమిది రోజులు, ఇంకా మూడు రోజులు మిగులు అన్నాడు. నేను ఆ మాటలు వింటున్నానే గాని నా కళ్ళు ఆ బండ మీదినుంచి కదలడం లేదు. ఎక్కడో చూశాను. ఎక్కడో గుర్తు రావడం లేదు.

అప్పుడు రాళ్ళాయన కళ్ళజోడు సర్దుకుని అన్నాడు. "ఈ బల్లపరుపు దానికి ఏదన్నా పేరు పెట్టాలి కదా. అరుగు అందామా?"

ఆ రోజు ఆయన యార్డులో లేడు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా యార్డులో ఎవరూ అడుగు పెట్టలేదు. నేను లేచి, సొరుగులోంచి తాళంచెవి తీసుకుని షెడ్డుకు వెళ్ళాను.

పట్టపగలు. పై రేకుల కంతల్లోంచి ఎండ చారలుగా పడుతోంది. మూలన కవల గుడ్డ కప్పుకుని ఉంది. బావ పోసిన నేల పోసినట్టే ఉంది. గోడ వారనున్న సిమెంటు గట్టు మీదినుంచే వంగి, ఫొటో ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో టేపు పట్టి కొలిచాను. గుండ్రటి రాళ్ళ మధ్య దూరం సరిపోయింది. బండ ఎత్తు సరిపోయింది. ఒక గుండ్రాయి మీద జుట్టులాంటి పగులు, ఫొటోలో కూడా అదే రాయి మీద, అదే వంపుతో ఉంది. ఆరు కొలతలు తీశాను, ఆరూ సరిపోయాయి.

అప్పుడు కనిపించాయి అడుగులు. బావ నేల మీద అడుగులు మిగలడం నేను అదే మొదటిసారి చూడటం. ఒకటి నిండు అడుగు, పక్కన ఈడ్చిన చార. మళ్ళీ నిండు అడుగు, మళ్ళీ చార. అన్ని వేళ్ళూ తలుపు వైపే తిరిగి ఉన్నాయి. అంటే బండ దగ్గర్నుంచి మనిషి నడిచి తలుపుకు వచ్చాడన్నమాట. మరి బండ దగ్గరికి వెళ్ళిన అడుగులేవి? యార్డంతా వెతికాను. లేవు. ఎవరో అవతలినుంచి ఆ బండలోంచి దిగి, మన వైపు నడిచి వచ్చినట్టుంది. పరుగెత్తి పోదామా అనిపించింది.

పోలేదు. తలుపు దగ్గరే చతికిలబడి, ముసలమ్మ ఎటు నడుస్తుందా అని ఆలోచించాను. ముసలమ్మ వెనక్కి నడుస్తుంది. ముఖం వచ్చిన దారి వైపు ఉంటుంది, వీపు పోయే దారి వైపు. బావ ఆ పది నిమిషాల్లో ముసలమ్మలాగా నడిచాడు. తలుపు దగ్గర, అంటే గట్టు దగ్గర బయల్దేరి, కాలీడ్చుకుంటూ వెనక్కి వెనక్కి బండ దాకా పోయాడు. నాకు దారి గీసి పెట్టాడు. తిరిగి ఎలా వచ్చాడంటావా, ఆ సిమెంటు గట్టు మీదుగా వచ్చి ఉంటాడు. అలాగే అనుకున్నాను, ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

అదే సిమెంటు గట్టు మీదుగా నేనూ మళ్ళీ వెళ్ళాను. అడుగులు గుండ్రాళ్ళకు ఎడమగా వచ్చి, పల్లం అంచు వెంట చుట్టు తిరిగి, బండ వెనక్కి పోయాయి. మడమలు బండకు ఆనించి రెండు పాదాలూ పక్కపక్కన ఉన్నాయి. అక్కడితో సరి. బండ ముందు వైపు నిటారుగా మోకాలెత్తు ఉంటే, వెనక వైపు జారుడుబల్లలాగా నేల దాకా ఏటవాలుగా దిగింది. ఆ వాలు అక్కడైతే ఎటు తిరిగి ఉంటుందో ఫొటోతో సరిచూసుకున్నాను. చలికాలపు ఎండ వైపే తిరిగి ఉంది.

కానీ ముసలమ్మ ఇంకా బండ వెనక చూడలేదు. గట్టు మీదినుంచి కనిపించేది ముందు వైపు మాత్రమే. వెనక వాలు ఉందని చెప్పడానికి బావ తప్ప సాక్షి లేడు. చుట్టు తిరిగి పోవడానికి నాలుగు రోజులు పడుతుంది. తీరా పోయాక అక్కడ వాలు లేకపోతే, మిగిలిన కరెంటుతో ఎండవాలు చేరలేం. ముసలమ్మను నా చేతులతో నేనే చంపినట్టు అవుతుంది.

గడియారాన్ని తీసుకొచ్చి చూపించాను. ఆయన తలుపు దగ్గర్నుంచే చూశాడు. "ఉపగ్రహం ఫొటో చూసి ఊహించి ఉంటాడు" అన్నాడు.

"ఊహించి పగులు కూడా పెట్టాడా సార్?"

"అయితే ఒక పని చేద్దాం. కవలను తిన్నగా పల్లంలోంచి నడుపు. మునగకపోతే నా దారి."

పల్లంలో అడుగులు లేవు కనుక ఒప్పుకున్నాను. కవల రెండు మీటర్లు చక్కగా పోయింది. మూడో మీటరులో పైపొర అప్పడంలా విరిగి, చక్రాలు తిరిగినకొద్దీ దిగబడి, బొడ్డు నేలకు ఆనేదాకా కూరుకుపోయింది. మెకానిక్కులు గొలుసు వేసి లాగాక ఆ గోతిలో చెయ్యి పెట్టి చూశాను. పైన బెత్తెడు మందాన మా పసుపు ఇసుకే. కిందంతా ఇటుకరంగు పొడి. చెయ్యి పెడితే నీళ్ళలాగా పక్కకు తప్పుకుంటోంది. స్టోరులో అడిగితే అలాంటి సరుకు మేం ఎప్పుడూ తెప్పించలేదన్నారు. అక్క బీరువాలోని పొట్లం గుర్తొచ్చింది నాకు. ఎవరికీ చెప్పలేదు.

గడియారం ఆ పొడి వేళ్ళ మధ్య నలిపి, రుమాలు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. "దీన్ని రిపోర్టులో ఏమని రాయాలి?"

"రాయకండి."

"ఎటు నడపాలో నేను చెప్పను. నడిపేది నువ్వు, సంతకం నీది" అన్నాడు. ఆ రోజు ఆయన ఒక్కసారి కూడా గడియారం చూసుకోలేదు.

నాలుగు రోజులు బావ అడుగుల మీద నడిపాను. ప్రతి అడుగూ యార్డులో కొలుచుకుని, అంతే దూరం, అంతే మలుపు జాబితాలో రాసి పంపాను. ప్రతి సాయంత్రం ఫొటో వచ్చేదాకా తెర ముందే కూర్చున్నాను. మూడో రోజు ఈడ్చుకుపోయే చక్రం పల్లం అంచును గీరింది. ఫొటోలో ఆ అంచు విరిగి, కింద మెత్తటి పొడి లోపలికి జారిపోయి కనిపించింది. తిన్నగా పోయి ఉంటే ఏమయ్యేదో అందరికీ అర్థమైంది. అయినా నాకు ధైర్యం రాలేదు. పల్లం గురించి నిజం చెప్పినంత మాత్రాన బండ గురించి కూడా చెప్పాలని ఏముంది? అలా అనుకున్నందుకు మళ్ళీ సిగ్గేసింది. చచ్చిపోయినా కూడా నేను ఆయన మాట నమ్మడం లేదు కదా అనుకున్నాను.

నాలుగో సాయంత్రం ఫొటో పైనుంచి ఒక్కొక్క వరసే తెర మీద తెరుచుకుంది. ముందు ఆకాశం వచ్చింది, తర్వాత బండ పైభాగం. ఆ తర్వాత ఏటవాలు. జారుడుబల్లలాగా, నేల దాకా. కరెంటావిడ కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు తుడుచుకుంది. నేను మటుకు ఏడవలేదు, నాకు భయమేసింది. ఆ చోటును మాకంటే ముందు చూసిన మనిషి ఒకడున్నాడు.

మర్నాడు ముసలమ్మ వెనక్కి వెనక్కి ఆ అరుగెక్కి, ఎండకు వీపు పెట్టుకుని ఒరిగి కూర్చుంది. గడియారానికి అప్పుడు ఆశ పుట్టింది. ఇంకా ఆరు రోజుల కరెంటు ఉంది, పైగా ఇక్కడి ఎండకు బ్యాటరీ నిండుతోంది, చుట్టు తిరిగి ఆ పెద్ద ఎండవాలుకు పోదామన్నాడు. "అడుగులు ఇక్కడితో ఆగిపోయాయి సార్. నేనూ ఆగిపోతున్నాను" అన్నాను.

చలికాలంలో ముసలమ్మ మాట్లాడదు. ఉన్న కాస్త వేడినీ కడుపులో దాచుకుని పడుకుంటుంది. ఐదు నెలలు రోజూ చెవులు రిక్కించి కూర్చున్నాం. యార్డులో బావ అడుగులు అలాగే ఉంచాను. తొర్రి గోడకు వేలాడుతూ ఉండేది. చెరపమని ఎవరూ అనలేదు. ఆరో నెల ఒక మధ్యాహ్నం, కరెంటావిడ టీ గ్లాసు కింద పెట్టేసి చెయ్యెత్తింది. సన్నటి సిగ్నల్. బతికింది మొండిది.

రెండు రోజులకు మొదటి ఫొటో పంపింది. కెమెరా మెడ తిప్పి, అది వచ్చిన దారినే చూపించింది. గట్టు మీద పాత చక్రాల జాడ, ఈడ్చిన చాలు, నిన్న గీసినట్టు స్పష్టంగా ఉన్నాయి. గట్టు కింది నుంచి అరుగు దాకా మాత్రం ఏమీ లేదు. నాలుగు రోజుల దారీ తుడిచిపెట్టుకుపోయింది. దాని చోట సన్నటి గీతలు, బారులు బారులుగా, అరుగు దగ్గర మొదలై గట్టు దాకా ఉన్నాయి.

"గాలి" అన్నాడు రాళ్ళాయన. "చలికాలం గాలి ఇసుకలో ఇలాంటి అలలు వేస్తుంది."

"గట్టు మీద వేయలేదేం?"

"గాలికి చెప్పలేం కదమ్మా" అన్నాడాయన.

నేను తెర దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి లెక్కపెట్టాను. ఆరు గీతలు, ఒక ఖాళీ, ఐదు గీతలు. పక్క బారు కూడా ఆరు, ఒక ఖాళీ, ఐదు. ఆ చివరిదాకా లెక్కపెట్టాను. నా వెనక గడియారం కూడా పెదవులు కదుపుతూ లెక్కపెడుతున్నాడు.

ఫొటో అచ్చు తీయించుకుని ఆ సాయంత్రమే అక్క దగ్గరికి వెళ్ళాను. మిషను మీద ఏదో చొక్కా కుడుతోంది. ఎక్కడిదో చెప్పలేదు, ఫొటో తెచ్చి ఒళ్ళో పెట్టానంతే. అక్క కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత ఆ ఖాళీ మీద వేలు పెట్టి, పై నుంచి కింది దాకా మెల్లగా రాసింది.

"ఎన్నిసార్లు చెప్పానే, ఆ పన్ను వేయించుకోండి అని. విన్నారా?"

"ఆయన వినలేదు అక్కా" అన్నాను. "నేనూ వినలేదు." అప్పుడు వచ్చింది ఏడుపు.